గండికోటలో ఒక ఊరుంది

లోయ అంచున పది నిమిషాలు, నాలుగు ఫొటోలు, ఆ వెంటనే తిరుగు ప్రయాణం. గండికోటకు వచ్చేవాళ్లలో చాలామంది చూసి పోతున్నది అంతే. ఆ అంచుకు చేరేలోపు వాళ్లు దాటిపోయిన దారిలో తొమ్మిది వందల ఏళ్ల కథ ఉన్న ఊరొకటి ఉంది. గడప, గాదె, కోనేరు, గుడి, మసీదు అన్నీ ఉన్న ఊరు. ఇంటిల్లిపాదీ కలిసి ఆ ఊరితో ఒక పూర్తి రోజు గడిపి వచ్చాక రాసిన కథనమిది.

కోట వాకిట్లో బండి దిగగానే మా అమ్మ చెప్పులు విప్పేసింది. "గుడి ఇంకా ముందుందమ్మా" అన్నాను. "గడప కదరా ఇది" అంది. వంగి, అరిగి నునుపెక్కిన రాతిని తాకి కళ్లకద్దుకుంది. ఆ తర్వాత తలెత్తి ఇనుప మేకులు దిగ్గొట్టిన ఎత్తైన చెక్క తలుపుల్ని, వాటికి రెండు పక్కలా పైకి లేచిన ఎర్రరాతి గోడల్ని చాలాసేపు చూసింది. చూసి ఒకే ప్రశ్న వేసింది.

"ఇంతెత్తు గోడ కట్టుకున్యారు సరే. లోపలుండే జనానికి నీళ్లు యాడ్నుంచి వచ్చేవిరా?"

ఆ రోజంతా మాకు దారి చూపింది ఆ ప్రశ్నే. రాజులు, యుద్ధాలు, ఫిరంగుల పట్టికతో వెళ్లిన నాకు అమ్మ ఒక ఇల్లాలి కళ్లతో కోటను చూపించింది. నీళ్లు యాడివి, గింజలు యాడ దాచినారు, దేవుడు యాడున్నాడు, జనం యాడ కూర్చుని మాట్లాడుకున్యారు? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబులు వెతుక్కుంటూ నడిస్తే గండికోట మొత్తం కనిపిస్తుంది.

అమ్మకు డెబ్బై రెండేళ్లు. పుట్టి పెరిగింది ఈ పక్కనే. కాపురం ప్రొద్దుటూరులో. ఇంత దగ్గర్లో ఉండి కూడా ఆమె కోటలో కాలు పెట్టడం అదే మొదటిసారి. గండికోట అనగానే ఆమెకు గుర్తొచ్చేది 1969లో విఠలాచార్య తీసిన ఎన్టీఆర్ జానపద చిత్రం 'గండికోట రహస్యం'. పెళ్లిళ్లు, పురుళ్లు, సేద్యం, పండగలు అన్నింటికీ తీరిక దొరికింది గానీ ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న కోటకు మాత్రం దొరకలేదు. మన సీమలో చాలా ఇళ్ల కథ ఇదే.

ఈ ప్రయాణానికి కారణం మా తమ్ముడి కూతురు. తమ్ముడు ఇటలీలో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి నాన్నతో వచ్చిన పదకొండేళ్ల పాప అక్కడ తాను చూసిన పాత ఊళ్ల ఫొటోలు జేజికి ఒక్కొక్కటే చూపిస్తూ కూర్చుంది. లోయ పక్కన రాతిని తొలిచి కట్టుకున్న ఇళ్లు, సన్నటి సందులు, గంట గోపురాలు. అన్నీ చూపించి నా వైపు తిరిగింది. "పెద్దనాయనా, మనకు ఇట్లాంటి ఊరు లేదా?" ఆ రాత్రే బాడుగ బండి మాట్లాడాను.

పొద్దున్నే బయల్దేరాలి

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా గండికోటకు నలభై కిలోమీటర్లు కూడా ఉండదు. చీకటితోనే లేచి చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకున్నాం. జమ్మలమడుగులో ఆగి వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. అక్కడి నుంచి కోటకు 15 కిలోమీటర్లు. దారికి రెండు పక్కలా నల్లరేగడి చేలల్లో శనగ పైరు మంచుకు తడిసి ఉంది. ఆ నల్లటి నేల క్రమంగా ఎర్రబారుతుంది, రాళ్లు పెరుగుతాయి, చెట్లు పొట్టివైపోతాయి. ఇక కొండ మొదలైందని అప్పుడే తెలుస్తుంది.

సీమలో చలికాలం పొద్దు చాలా మంచిది. ఎనిమిదికే కోటలో ఉంటే పదకొండు దాకా హాయిగా తిరగొచ్చు. అదే ఏప్రిల్, మే నెలల్లో అయితే పదింటికే రాయి కాలుతుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపలే రావాలి.

గడప

గండికోట పేరులోనే దాని పుట్టుక ఉంది. కొండల మధ్య నది కోసుకుపోయిన సందును గండి అంటాం. ఎర్రమల కొండల్ని పెన్నానది కోసిన చోట, ఆ గండి పక్కన నిలిచింది కాబట్టి గండికోట. నది వైపు నిట్టనిలువు రాతి చరియే కోటగోడ. అటు నుంచి శత్రువు ఎక్కి వచ్చే దారి లేదు. మిగిలిన వైపులకే మనుషులు చెమటోడ్చారు. గోడ చుట్టుకొలత సుమారు 5 మైళ్లు, అంటే 8 కిలోమీటర్లు. దాన్ని ఆనుకుని నలభై దాకా బురుజులు. సముద్రమట్టానికి 1,670 అడుగుల ఎత్తులో, ఒక ఊరంతటికీ సరిపడా చోటును చుట్టేసిన గోడ అది.

ఈ ఊరికి పునాది వేసింది ఎవరు? 19వ శతాబ్దం మొదట్లో కాలిన్ మెకంజీ తన సహాయకుల్ని ఊరూరా తిప్పి స్థానిక చరిత్రలు రాయించాడు. వాటినే కైఫీయత్తులు అంటాం. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం మన జిల్లా కైఫీయత్తుల్ని సంపుటాలుగా అచ్చువేసింది. అలాంటి స్థానిక చరిత్ర చెప్పేదాని ప్రకారం, 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యుల సామంతుడైన కాకరాజు ఇక్కడ మట్టికోట కట్టించాడు. ఆయనది ఈ పక్కనే ఉన్న బొమ్మనపల్లె. తర్వాత విజయనగర కాలంలో పెమ్మసాని నాయకుల చేతికి వచ్చాక మట్టిగోడ స్థానంలో రాతిగోడ లేచింది. శ్రీకృష్ణదేవరాయల వెంట యుద్ధాలు చేసిన పెమ్మసాని రామలింగ నాయుడు ఈ వంశం వాడే. ఆయన సాహసాన్ని 'రాయవాచకం' ప్రత్యేకంగా చెబుతుంది.

వాకిలి దాటితే దారి నేరుగా సాగదు. వంపు తిరుగుతుంది. ఏనుగులతో, దుంగలతో తలుపును గుద్దడానికి వేగం అందుకోనివ్వకుండా చేసిన ఏర్పాటు అది. "మన పాత ఇండ్లలో గూడా వాకిట్లో నిలబడితే నడిల్లు కనపడదు" అంది అమ్మ. పాప తన వాటర్ బాటిల్ పక్కన పెట్టి తలుపు మీది మేకుల్ని వరసలు వరసలుగా లెక్కపెట్టింది. మా వెనక నుంచి బండ్లు ఒకదాని వెంట ఒకటి వచ్చి, ఆగకుండా లోయ వైపు వెళ్లిపోతూనే ఉన్నాయి.

నీళ్లు

లోపలికి నడవగానే ఇళ్లు వస్తాయి. గండికోట ఖాళీ శిథిలం కాదు. కోటలో ఇప్పటికీ జనం కాపురాలు చేస్తున్నారు. పాత గోడల రాళ్ల పక్కనే ఎనుములు కట్టేసి ఉంటాయి, దండేల మీద బట్టలు ఆరుతుంటాయి. ఆ ఇళ్ల మధ్య చార్మినార్ అని పిలిచే చిన్న మేడ ఒకటి ఉంది. జాలీ కిటికీలతో సన్నగా, అందంగా ఉంటుంది. పావురాల గోపురం అని కూడా అంటారు. దాని దగ్గర్లోనే చీకటిగా, బరువుగా కనిపించే బందీఖానా.

ఇంకాస్త ముందుకు పోతే అమ్మ ప్రశ్నకు మొదటి జవాబు దొరికింది. జామియా మసీదు ఎదురుగా రాతి మెట్లతో కట్టిన కోనేరు. పేరు కత్తుల కోనేరు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు ఇందులో కత్తులు కడిగేవాళ్లని, నీళ్లు ఎర్రగా మారేవని ఊళ్లో కథగా చెప్పుకుంటారు. పిల్లలకు ఆ కథ భలే నచ్చింది. అమ్మ మాత్రం మెట్ల అంచుల్ని చూస్తూ అంది: "కత్తులు ఎప్పుడో ఒగనాడు కడిగింటారు. కడవలు మాత్రం రోజూ ముంచింటారు."

నది కోటకు ఆనుకునే ఉంది. కానీ అది నిలువు చరియ అడుగున ఉంది. కడవ పట్టుకుని దిగి ఎక్కే దారి కాదు. ముట్టడి వస్తే నది వైపు పోవడమే కుదరదు. అందుకే వానచుక్క పడ్డచోటే పట్టుకోవడం ఈ ఊరి బతుకు సూత్రమైంది. కోట లోపలే రాయల చెరువు ఉంది, ఈ కోనేరు ఉంది. మన సీమ దేశంలోనే వానలు తక్కువ పడే ప్రాంతాల్లో ఒకటి. అలాంటి చోట, కొండ మీద, గోడల మధ్య వేల మందిని బతికించాలంటే రాజుకు ఫిరంగి కంటే చెరువు ముఖ్యం. ఈ మాట ఏ చరిత్ర పుస్తకం చెప్పినా నాకు ఇంతగా ఎక్కి ఉండదు. కోనేటి మెట్టు మీద కూర్చుని అమ్మ చెబితే ఎక్కింది.

గాదె

మసీదును ఆనుకుని ఉన్న ధాన్యాగారం గండికోటలో నాకు అన్నింటికంటే గొప్ప కట్టడం. లోపలికి అడుగు పెడితే పైన కమాను కప్పు, చుట్టూ మందపాటి గోడలు, అక్కడక్కడా సన్నగా దిగే వెలుతురు. బయట ఎండ ఎంతున్నా లోపల చల్లగా, పొడిగా ఉంటుంది. పిల్లలు గట్టిగా అరిచి ప్రతిధ్వని వింటుంటే అమ్మ గోడకు అరచెయ్యి ఆనించి నిలబడింది. చెమ్మ ఉందేమో చూస్తోంది. గింజ దాచిన చేతికి ముందు కావాల్సింది ఆ సంగతే.

"మా నాయనోళ్ల ఇంట్లో పాతర ఉండేది" అంది పాపతో. పాతర అంటే ఏంటని పాప అడిగింది. వాకిట్లో నేలలోకి లోతుగా గుంత తవ్వి, లోపల వరిగడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన బండ మూసి, మట్టితో మెత్తేవాళ్లు. కరువొచ్చిన ఏడాది తీసేవాళ్లు. మూత తీసిన వెంటనే మనిషిని దించేవాళ్లు కాదు, లోపల గాలి చేటు చేస్తుందని. కరువులు తరచుగా చూసిన నేలలో ప్రతి ఇల్లూ ఒక చిన్న ధాన్యాగారమే. ఆ పాతరే కోట కొలతకు పెరిగితే ఈ గాదె. వాన తప్పినా, శత్రువు ముట్టడించినా ఊరు తినాలన్న ముందుచూపు రెండింటిదీ ఒకటే.

అమ్మ పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. కోటకు ఎగువన పెన్న మీద కట్టిన గండికోట జలాశయంలో కలిసిపోయింది. గాలేరు-నగరి పథకంలో భాగమైన ఆ జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. సీమ దప్పిక తీర్చడానికి కొండాపురం, తాళ్లప్రొద్దుటూరు సహా ఎన్నో ఊళ్లు తమ ఇళ్లను, పొలాలను, శ్మశానాలను నీటికి ఒప్పజెప్పాయి. మన చేలకు నీళ్లు పారిన ప్రతిసారీ తలుచుకోవాల్సిన త్యాగం అది. గాదె గోడకు చెయ్యి ఆనించి అమ్మ ఎందుకంతసేపు నిలబడిందో నాకు అప్పుడు అర్థమైంది. ఆమె పాతర ఇప్పుడు నీళ్ల అడుగున ఉంది.

గుడి, మసీదు, ఒక ఫ్రెంచి వ్యాపారి

1650లో గండికోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. ఇరాన్ నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంలో ఎదిగి, కుతుబ్‌షాహీల దగ్గర అంత పెద్ద పదవికి చేరినవాడు ఆయన. తర్వాత మొగలుల కొలువులో చేరి, అస్సాం దండయాత్ర ముగించి వస్తూ 1663లో కన్నుమూశాడు. కోట పోయాక పెమ్మసాని వంశీకులు దక్షిణాదికి తరలిపోయారు. తమిళనాడులో కురివికుళం, ఇళైయరసనేందల్ జమీందారులు ఆ వంశం వాళ్లే. కడప గడ్డ మీద తెగిన వేరు తిరునెల్వేలి సీమలో మళ్లీ చిగురించింది.

1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ తన సరుకు చూపించడానికి మీర్ జుమ్లాను వెతుక్కుంటూ ఈ కొండకు వచ్చాడు. చూసినవన్నీ రాసిపెట్టాడు. మీర్ జుమ్లా దర్బారు చేసే తీరు ఆయన్ను ఆశ్చర్యపరిచింది. నేల మీద వట్టి కాళ్లతో కూర్చుని, కాలివేళ్ల సందుల్లోనూ ఎడమచేతి వేళ్ల మధ్యా ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి జవాబులు చెప్పేవాడట. ఈ ముక్క చెప్పగానే మా అబ్బాయి అక్కడే బండ మీద కూర్చుని కాలివేళ్ల సందులో పాత బస్సు టికెట్టు పెట్టి చూశాడు. మూడున్నర శతాబ్దాలు దాటిన సంగతి పిల్లల ఒంట్లోకి ఎక్కింది.

టావెర్నియర్ రాసిన రెండో సంగతి మాధవరాయస్వామి గుడి ముందు నిలబడి చెప్పుకోవాలి. మీర్ జుమ్లా దగ్గర క్లాడ్ మై అనే ఫ్రెంచివాడు ఫిరంగులు పోతపోసే పనిలో ఉన్నాడు. అందుకోసం గుళ్లలోని రాగి విగ్రహాలను తెప్పించి కరిగించారు. గండికోట పెద్ద గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత ప్రయత్నించినా కరగలేదని టావెర్నియర్ రాశాడు. అది మహిమో, లోహం గుణమో ఎవరి నమ్మకం వాళ్లది. విన్న తర్వాత అమ్మ గర్భగుడి వైపు తిరిగి దండం పెట్టుకుంది.

గుడి ఇప్పుడు పూజల్లేని గుడి. విజయనగర కాలపు గోపురం మాత్రం ఠీవిగా నిలబడి ఉంది. కింద రాతి అధిష్ఠానం, పైన ఇటుక అంతస్తులు. మండపాల స్తంభాల మీద చెక్కిన బొమ్మల్ని ఒక్కొక్కదాన్ని చూస్తూ పోతే గంట తెలియకుండా గడిచిపోతుంది. ఇక్కడి స్వామే మైదుకూరు చేరాడని, అక్కడి మాధవరాయస్వామి గుడిలో పూజలందుకుంటున్నది ఆయనేనని మన వైపు నమ్మకం. "అయితే దేవుడు గూడా మనలెక్కే ఊరు మారినాడన్నమాట" అంది అమ్మ.

గోపురం నీడ నుంచి చూస్తే మసీదు జంట మీనార్లు కనిపిస్తాయి. మసీదు లోపలి ఆవరణ, దాని చుట్టూ వరసగా కమాన్లు, వాటి కింద పరుచుకునే నీడ చూసి తీరాల్సినవి. కోట చేతులు మారుతూ వచ్చింది. గోల్కొండ తర్వాత మొగలులు, కడప నవాబులు, హైదర్ అలీ, టిప్పు, చివరికి కంపెనీ దొరలు. ప్రతి చేతి గుర్తూ రాయిలో మిగిలింది. గోపురం, మీనారు ఒకే చూపులో కలిసే చోట నిలబడి పిల్లలకు ఫొటో తీశాను. మా ఇంట్లో గోడకు తగిలించబోయే ఫొటో అదే. లోయది కాదు.

గండి

లోయ దగ్గరికి మేము మధ్యాహ్నం తర్వాతే వెళ్లాం. అప్పటికి ఊరు మొత్తం కళ్లలో నిండి ఉంది కాబట్టి ఈ గండి ఎవరి కోసం ఉందో, దేన్ని కాపాడిందో తెలిసి చూశాం.

దాదాపు 300 అడుగుల వెడల్పున కొండ రెండుగా చీలినట్టు ఉంటుంది. రెండు వైపులా ఎర్రటి బండలు, ఇటుకల్లా పేర్చినట్టు అరలు అరలుగా. అడుగున ఆకుపచ్చగా పెన్న. దిగువన మైలవరం ఆనకట్ట వెనక నిలిచిన నీళ్లు ఇక్కడి దాకా వస్తాయి. అందుకే వేసవిలోనూ లోయ పూర్తిగా ఎండినట్టు కనిపించదు.

ఈ రాళ్లను చాలామంది గ్రానైట్ అనుకుంటారు. ఇవి గ్రానైట్ కాదు, క్వార్ట్‌జైట్. ఒకప్పుడు ఇక్కడ సముద్రముండేది. దాని అంచున పేరుకున్న ఇసుక పొరలు పొరలుగా పడి, బరువుకు, కాలానికి గట్టిపడి రాయి అయ్యింది. ఆ పొరలే ఇప్పుడు మనకు కనిపిస్తున్న అరలు. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాతి పొరకు పెట్టిన పేరే గండికోట క్వార్ట్‌జైట్. వంద కోట్ల ఏళ్లకు పైబడిన మాట ఇది. భూమ్మీద చెట్టూ చేమా, పక్షీ పశువూ లేని కాలం. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, దాదాపు 600 కిలోమీటర్లు నడిచి, నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసే పెన్న, ఆ పాత సముద్రపు ఇసుకను మళ్లీ రేణువు రేణువుగా కోసుకుంటూ కొత్త సముద్రానికి మోస్తోంది.

ఒక హెచ్చరిక. అంచున చాలాచోట్ల కటకటాలు లేవు. బండలు నునుపుగా, ఏటవాలుగా ఉంటాయి. ఫొటో కోసం వెనక్కి నడవడం, ఒక బండ మీది నుంచి ఇంకో బండ మీదికి దూకడం ప్రాణాల మీదికి తెస్తాయి. చిన్నపిల్లల చెయ్యి ఒక్క క్షణం కూడా వదలకండి. గాలి గట్టిగా వీచే సాయంత్రాల్లో అంచుకు పది అడుగుల ఇవతలే నిలబడండి. లోయ అక్కడి నుంచి కూడా అంతే అందంగా కనిపిస్తుంది.

మటేరా చెప్పే పాఠం

మధ్యాహ్నం కోటలోని ఒక ఇంటి పంచన కూర్చుని తిన్నాం. మేము తెచ్చుకున్న చిత్రాన్నానికి తోడు ఆ ఇంటి ఇల్లాలు రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి, నాటుకోడి పులుసు వడ్డించింది. ముందురోజు ఫోన్ చేసి చెబితే వండి పెడతారు. ఆమె మాటల్లో ఒక మాట నాకు ములుకులా దిగింది. "వచ్చేవాళ్లంతా లోయ యాడ అని అడుగుతారు సార్. గుడి యాడ, కోనేరు యాడ అని అడిగేవాళ్లు శానా తక్కువ."

అప్పుడు తమ్ముడు తాము చూసొచ్చిన మటేరా గురించి చెప్పాడు. ఇటలీ దక్షిణాన, గ్రవీనా అనే వాగు కోసిన లోయ అంచున ఉన్న ఊరు అది. జనం రాతిని తొలిచి ఇళ్లు చేసుకుని వేల ఏళ్లు బతికారు. 20వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి ఆ గుహల ఇళ్లలో పేదరికం, జబ్బులు చూసి ఇటలీ తలదించుకుంది. 1952లో చట్టం చేసి సుమారు 15 వేల మందిని కొత్త ఇళ్లకు తరలించారు. ఊరు పాడుబడింది. కొన్ని దశాబ్దాల తర్వాత అక్కడివాళ్లే దాని విలువ గుర్తించి బాగు చేసుకున్నారు. 1993లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. 2019లో యూరప్ సాంస్కృతిక రాజధానుల్లో ఒకటిగా నిలిచింది. ఆ ఊళ్లో వానచుక్కను ఒడిసిపట్టిన రాతి తొట్లను ఇవాళ ప్రపంచం టికెట్టు కొని చూస్తోంది.

మన దగ్గర లోయ ఉంది, వానను పట్టిన కోనేరు ఉంది, గాదె ఉంది. అన్నింటికీ మించి, ఊరు ఖాళీ కాలేదు. మటేరా పోగొట్టుకుని మళ్లీ వెతుక్కున్నది గండికోటలో ఇంకా ఊపిరి పీలుస్తోంది. 2024 నవంబరులో కేంద్రం గండికోట అభివృద్ధికి రూ. 77.91 కోట్లు మంజూరు చేసింది. ఆ సొమ్ములో మొదటి వాటా ఈ ఊరిది కావాలి. కోటలోని యువతకు చరిత్ర నేర్పి మార్గదర్శకులుగా నిలబెట్టాలి. ప్రతి కట్టడం ముందూ తెలుగులో కథ చెప్పే ఫలకం ఉండాలి. తాగునీరు, నీడ, మరుగుదొడ్లు, లోయ అంచున కటకటాలు రావాలి. పెద్ద హోటళ్లు వస్తే రానీ. ఆ ఇల్లాలి సంగటి పొయ్యి మాత్రం ఆరకూడదు.

పొద్దు వాలేవేళ

సాయంత్రం రంగనాథస్వామి గుడి మెట్ల మీద కూర్చున్నాం. ఎండ పసుపుగా మారి, ఎర్రరాయి మీద పడి ఇంకా ఎర్రబడింది. పక్కనున్న స్తంభం మీద ఎవరో తమ పేరు, ప్రేయసి పేరు గీకి ఉన్నారు. ఆ స్తంభం చెక్కిన శిల్పి మాత్రం తన పేరు రాసుకోలేదు. పాప ఆ గీతల మీద వేలితో రుద్దింది, చెరిగిపోతాయేమోనని. అవి పోవు. గండికోటలోని ప్రధాన కట్టడాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. రక్షిత కట్టడాలను పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా విధించవచ్చని చట్టం చెబుతోంది. అంతకంటే ముందు మన ఇంట్లో పిల్లలకు మనం చెప్పాల్సిన మాట ఇది.

తిరిగి వస్తూ వాకిట్లో అమ్మ మళ్లీ ఆగింది. "నా ఊరు చూపిచ్చల్లంటే ఇప్పుడు నీళ్లు చూపిచ్చల్ల" అంది పాపతో. "ఈ ఊరు ఉండాది గదా. దీన్ని చూడు."

ఒక రోజు ప్రణాళిక

రైల్లో వచ్చేవాళ్లకు దగ్గరి స్టేషన్ నంద్యాల–ఎర్రగుంట్ల మార్గంలోని జమ్మలమడుగు. అక్కడి నుంచి ఆటో, బస్సు దొరుకుతాయి. కడప నుంచి సొంత బండిలో రెండు గంటల లోపు చేరుకోవచ్చు. ఎనిమిది గంటలకు వాకిలి, చార్మినార్, బందీఖానా. తొమ్మిదికి కోనేరు, మసీదు, ధాన్యాగారం. పదిన్నరకు మాధవరాయస్వామి గుడి. మధ్యాహ్నం భోజనం, విశ్రాంతి. మూడున్నర తర్వాత లోయ. పొద్దు గుంకే వేళకు రంగనాథస్వామి గుడి. రాత్రి ఉండాలనుకుంటే పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీలు, పట్టు ఉన్న చెప్పులు, చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక సంచీ తప్పనిసరి.

ఈ చలికాలం పోకముందే ఒక ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లను, పిల్లలను ఒకే బండిలో ఎక్కించుకుని గండికోటకు రండి. లోయ ఎక్కడికీ పోదు, దాన్ని చివర చూడండి. ముందు ఊరిని చూడండి. కోనేటి మెట్టు మీద ఒక పది నిమిషాలు కూర్చుని, మీ అమ్మనో అవ్వనో వాళ్ల ఊరి బావి గురించి అడగండి. ఆ జవాబు రాసిపెట్టుకోండి.